మిరుగు జ్వరం

మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చిందంటే బొంతపల్లి చుట్టుపక్కల కంపెనీల్లో జ్వరాలు మొదలయ్యేవి. దోమల వల్ల కాదు, వాన వల్ల. తొలివాన పడ్డ మర్నాడు పదిమందిలో నలుగురికి ఒళ్లు వెచ్చబడేది, ఇద్దరికి నడుము పట్టేసేది, ఒకడి మేనమామ చచ్చిపోయేవాడు. కొందరి మేనమామలు ఏటా చచ్చేవారు. నాలుగో రోజు పొద్దున అందరూ గోళ్లలో ఎర్రమట్టితో గేటు ముందు వరుస కట్టేవారు. ఈ రోగానికి మిరుగు జ్వరమని పేరు పెట్టింది యాదగిరి.

యాదగిరి అక్కడి ఒక మందుల కంపెనీలో టైంకీపరు. కార్డులు గుద్దించడం, సెలవు చీటీలు చూడడం, ఎవరిది నిజం రోగం ఎవరిది దొంగ రోగం అని మేనేజరుకు రాసి పంపడం అతని పని. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఎందుకంటే పక్క ఊళ్లో అతనికీ నాలుగెకరాలుంది, రెండెడ్లున్నాయి, ఏటా మిరుగుకు అతనికీ రెండు రోజులు జ్వరం వచ్చేది. దొంగ దారులు దొంగకే తెలుస్తాయి కదా. తేడా ఒక్కటే, అతని చీటీ అతనే చూసుకొని అతనే సరే అనుకునేవాడు.

తొంభై మూడో సంవత్సరం, మిరుగు ఇంకా వారం ఉందనగా, డ్రమ్ముల గోదాములో పనిచేసే ఐలన్న కుంటుకుంటూ టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పటేలా, ఎడమ పాదం నొస్తుంది. అడుగు మోపనిస్తలేదు."

యాదగిరి ముందు పాదాన్ని చూశాడు. వాపు అంతంత మాత్రమే, గాయం లేదు, కమిలిన మచ్చ కూడా లేదు. తర్వాత ఆకాశాన్ని చూశాడు. మబ్బు పట్టి ఉంది.

"యాడ దాకింది?"

"యాడ దాకలే. నాలుగు దినాల సంది సన్నగ నొప్పి. ఇయ్యాల ఇగ వశమయితలేదు."

"దాకంగనే నొస్తది గని, దాకకుండ ఎట్ల నొస్తదిర?"

ఐలన్న కిటికీ చువ్వ పట్టుకొని కుడి కాలి మీదికి ఒరిగాడు. ఎనిమిదేళ్లుగా అతను రోజుకూలి మీద డ్రమ్ములు తోలుతున్నాడు. మనిషి బరువుకు మూడింతలుండే ఇనుప డ్రమ్మును ఒక పక్కకు వంచి, అంచు మీద గిరగిరా తిప్పుకుంటూ షెడ్డు నుంచి లారీ దాకా తీసుకుపోవాలి. ఆగాల్సిన చోట ఎడమ పాదం అడ్డం పెట్టి ఆపాలి. ఆ దసరాకు అయిదుగురిని పర్మనెంటు చేస్తామని కంపెనీ జాబితా తీసింది. అందులో ఐలన్న పేరు మూడోది. ఆ ఏడాది హాజరులో దొంగ సెలవు మచ్చ పడితే మాత్రం పేరు కొట్టేస్తారు. ఎనిమిదేళ్ల చాకిరీ ఇప్పుడు ఆ పాదం మీదే నిలబడి ఉంది.

వారానికి రెండుసార్లు వచ్చే కంపెనీ డాక్టరు నరసరాజు గోదావరి జిల్లా మనిషి. ఆయన పాదాన్ని వేలితో ఒక్కొక్క చోట నొక్కి, రెండో వేలి వెనుక ఎముక దగ్గర ఐలన్న కెవ్వుమనగానే ఆపి, పటాన్‌చెరు పంపి ఎక్స్‌రే తీయించాడు. ఫొటో వచ్చింది. ఎముకలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"సూసిండ్రా సార్, ఏం లేదు" అన్నాడు యాదగిరి. పట్టేశానన్న సంతోషం గొంతులో దాగలేదు.

"ఏం లేదని ఎవరన్నారయ్యా? ఎముకంటే రాయనుకుంటున్నావా? ప్రాణమున్న వస్తువు. బరువు పడ్డప్పుడల్లా లోపల సన్నసన్నగా చిట్లుతుంది. విశ్రాంతి దొరికినప్పుడు ఒళ్లే దాన్ని పూడ్చుకుంటుంది. చిట్లినంతా పూడితే మనకు తెలియనే తెలియదు, పైగా ఎముక గట్టిపడుతుంది కూడా. పూడేదానికంటే చిట్లేది ఎక్కువైందనుకో, ఇదిగో ఇలా అవుతుంది. ఈ మధ్య ఇతనికి పనేమైనా పెరిగిందా?"

"ఏం వెరగలే సార్. ఎప్పటి పనే" అన్నాడు యాదగిరి. డ్రమ్ముల బండి చక్రం విరిగి నెల దాటిందని, అప్పటిదాకా బండి మీద పోయే సగం డ్రమ్ములు కూడా ఇప్పుడు ఐలన్న పాదం మీదుగానే పోతున్నాయని అతనికి తట్టలేదు. అనుమానం ఉన్న బుర్రలో ఇంకోదానికి చోటుండదు.

"మూడు వారాలు కాలు కింద పెట్టకూడదు. తర్వాత మళ్లీ ఫొటో తీద్దాం. అప్పుడు కనిపిస్తుంది."

ఇప్పుడు కనిపించని దెబ్బ మూడు వారాలకు కనిపిస్తుందట! మానిపోయాక కనిపించే దెబ్బను యాదగిరి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. సరిగ్గా విత్తనాలు పడేదాకా మూడు వారాలు. ఈ డాక్టరుకు ఐలన్న ఏ నాటుకోడినో ముట్టజెప్పాడా అని కూడా అతనికి అనుమానం వచ్చింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే రకం మరి.

వారం తిరక్కముందే వాన దంచి కొట్టింది. మర్నాటికల్లా యాదగిరికి జ్వరం వచ్చింది.

ఆ జ్వరంతోనే తెల్లవారకముందు ఎడ్లు కట్టుకొని పొలం పోయాడు. రెండు రోజులు దున్నాడు. ఏడాదికి రెండుసార్లు పట్టే నాగలి మేడి కాబట్టి కుడి అరచేతిలో బొటనవేలి కింద బొబ్బ లేచి పగిలింది. అతని మెట్ట చెలకకు ఆనుకొని, ఊరి పొలిమేర మీద, సర్కారు ఇచ్చిన ఎకరం ఐలన్నది. రెండో రోజు పొద్దున యాదగిరి గట్టు మీద నిలబడి అటు చూసి నోరు తెరిచాడు. నిన్న పొద్దుగూకేదాకా బీడుగా ఉన్న ఎకరం ఎకరం రాత్రికి రాత్రే దున్ని ఉంది. మట్టి ఇంకా పచ్చిగా తిరగబడి ఉంది.

దిగి చూశాడు. సాళ్లు పాము పోయినట్టు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఒకచోట లోతుగా, ఒకచోట గీరినట్టు. మూల తిరిగే దగ్గర ఎడ్లు అడ్డదిడ్డంగా తొక్కాయి.

"కుంటుకుంట దున్నిండు దొంగకొడుకు. అందుకే గిట్ల వంకర వొయింది" అనుకున్నాడు. అబద్ధపు కుంటు అయితే సాలు తిన్నగా రావాలి కదా అన్న ప్రశ్న కూడా లేచింది గాని, దాన్ని అక్కడే తొక్కేశాడు. ఆ ఊళ్లో సొంత నాగలి ఉన్న ఇల్లు ఇంకొకరికి దున్నదు, అదీ తొలివాన పదునులో. ఇక ఐలన్న ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకడు ఐలన్న, రెండోది పెళ్లాం ముత్యమ్మ. ఆడది మేడి పడితే మబ్బు వెనక్కి పోతుందని ఆ పొలిమేర రెండు వైపులా పసిపిల్లలు కూడా చెబుతారు. కాబట్టి మిగిలినవాడు ఒక్కడే. లెక్క తేలిపోయింది.

ఆదివారం నాడు పొలిమేర అవతలి ఊళ్లో ఉన్న ఐలన్న ఇంటికే పోయాడు. ఐలన్న మంచం మీద ఉన్నాడు, పాదం కింద గోనె మడత. ముత్యమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకొని గుంజ పక్కన నిలబడింది. యాదగిరి నీళ్లు అడగలేదు, ఆమె ఇస్తాననీ అనలేదు. కులం కారణంగా ఆ రెండిళ్ల మధ్య అది మామూలే. చేతులు కొంగులో చుట్టుకున్నది మర్యాదకని అతను మురిశాడు.

"ఐలా, నీ చెలక దున్ని ఉంది. ఎవలు దున్నిండ్రు?"

 ఐలన్న పెళ్లాం వైపు చూడబోయి ఆగిపోయాడు.

"నేనైతే దున్నలే పటేలా. వీరభద్రుని మీద ఒట్టు."

"మరెవలు?"

ఐలన్న పాదం కింది గోనె మడత సర్దుకున్నాడు.

"ఒట్టు వెట్టవడితివి గని పేరు చెప్పరాకపాయెనా?"

"పటేలా, నన్నేమన్న రాసుకో" అన్నాడు ఐలన్న. ఆ మాటలో బతిమాలుకోవడం లేదు. అదే యాదగిరికి మండింది. సోమవారం పొద్దున రిపోర్టు రాశాడు: కాలు నొప్పి అని సెలవులో ఉన్న ఐలన్న సొంత భూమి దున్నుకున్నట్టు తెలిసింది, ఆదివారం స్వయంగా చూశాను. అంతకుముందు ఎప్పుడు చూశాడో మాత్రం రాయలేదు. ఆ రోజు అతను జ్వరంలో ఉన్నాడాయె.

తర్వాత వాన మొహం చాటేసింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, పదహారు రోజులు. మొలిచిన జొన్న తల వాల్చింది. ఊళ్లలో మనుషులు పొద్దున లేస్తే ఆకాశాన్ని, తర్వాత ఒకరినొకరు చూసుకోసాగారు. ఎవరి ఇంట్లో ఏ తప్పు జరిగిందో, ఎవరి వల్ల ఈ ఎండో తేలాలి. తేలితే ఆ ఇంటికి నిప్పూ నీళ్లూ బందు.

రెండో ఫొటో వచ్చిన రోజు మేనేజరు గదిలో అయిదుగురు కూడారు. మేనేజరు, డాక్టరు, యాదగిరి, కర్ర పట్టుకొని ఐలన్న, అతని భుజానికి ఆసరాగా ముత్యమ్మ. నరసరాజు ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టాడు. రెండో వేలి వెనుక ఎముక నడుమ, దారానికి ముడి వేసినట్టు, తెల్లటి ఉబ్బు కనిపించింది.

"ఇదీ సంగతి. మొదట్లో వెంట్రుకంత పగులు, ఫొటోకు అందలేదు. ఇప్పుడు ఒళ్లే దాని చుట్టూ సున్నం పోసుకుంది. మీరు చూస్తున్నది దెబ్బను కాదు, మరమ్మతును. మరమ్మతు ఉందంటే దెబ్బ ఉన్నట్టే కదా! ఇంకో నెలకు ఎముక మామూలవుతుంది. దాన్ని పట్టుకున్న స్నాయువులకు నెత్తురు తక్కువ, అవి కొంచెం ఆలస్యం. మనిషి మాత్రం అబద్ధం ఆడలేదు."

 ఆ తెల్ల ముడి యాదగిరికి తన మొహం మీదే ఎవరో పెట్టిన సున్నపు బొట్టులా కనిపించింది. కాని మేనేజరు హైదరాబాదు మనిషి, తెలివైనవాడు. బల్ల మీది రిపోర్టును వేలితో తట్టాడు.

"అచ్ఛా. మొదటి ఫొటోలో ఎముక బాగుంది. తర్వాత ఇతను పొలం దున్నాడు. రెండో ఫొటోలో విరిగింది. అంటే పొలంలోనే విరిగింది, మన గోదాములో కాదు. సెలవు పెట్టి పొలం దున్నుకున్నవాడు నాకెందుకు? పేరు కొట్టేయండి."

"దున్ని ఉంటే ఈ పగులు కాస్తా రెండు ముక్కలయ్యేదండీ" అన్నాడు డాక్టరు.

"మరి ఎవరు దున్నారు? చెప్పమనండి."

అందరూ ఐలన్నను చూశారు. ఐలన్న నేలను చూశాడు. అతని దవడ ఎముక కదలడం యాదగిరికి కనిపించింది. చెబితే ఉద్యోగం ఉంటుంది. చెప్పడం లేదు. ఎందుకు చెప్పడు?

అప్పుడు ఐలన్న చేతికర్ర జారింది. ముత్యమ్మ గబుక్కున వంగి అందుకుంది. కొంగు తొలిగి కుడి అరచేయి ఒక్క క్షణం వెలుతురులోకి వచ్చింది. కొడవలి కాయలు వేళ్ల మొదట్లో ఉంటాయి, రోకలి కాయలు అరచేయి నడుమ ఉంటాయి. ఇది బొటనవేలి కింద ఉంది. బొబ్బ పగిలి, మానుతూ, గులాబీ రంగు కొత్త తోలు కడుతున్న మచ్చ.

యాదగిరి తన పిడికిలి బిగించాడు. అదే మచ్చ, అదే చోట, అతని చేతిలోనూ ఉంది.

వంకర సాళ్లు కళ్లముందు తిరిగాయి. ఐలన్నలా ఇరవై ఏళ్లు మేడి పట్టినవాడు కుంటినా, తాగినా, నిద్రలో నడిచినా సాలు వంకరపోదు. ఆ మాత్రం తెలియని వ్యవసాయం తనదీ! సిగ్గుతో అతని చెవులు కాలాయి.

"సార్, ఒక్క నిమిషం" అని వాళ్లిద్దరినీ వరండాలోకి తెచ్చాడు. వెనుక వాగు నుంచి మందు వాసన గుప్పున కొడుతోంది. అతను నోరు తెరవకముందే ముత్యమ్మ అతని చూపు తన చేతి మీద ఉండడం గమనించింది.

"పటేలా, సూసినవు గదా. ఇగ నోరు జారకు. వాన వోయి పదహారు దినాలాయె. ఊరోళ్లు ఎవలమీద వడుదమా అని సూస్తున్నరు. నేనే మేడి పట్టిన అంటే మమ్ముల ఊర్ల ఉండనిస్తరా? నౌకరీ వోతే కైకిలి కూలి జేసుకుంటం. ఊరు వోతే యాడికి వోతం?"

"నాకు అడుగు వడక, పదును వోతదని..." అని ఐలన్న మొదలుపెట్టి ఆపేశాడు.

 చీటీల్లో అబద్ధాలు పట్టడమే తెలిసినవాడు, నిజం ఎదురుగా నిలబడి దాచిపెట్టమంటే ఏం చేస్తాడు? పన్నెండేళ్ల నౌకరీలో తొలిసారి యాదగిరికి తన మీదే అసహ్యం వేసింది. తిరిగి లోపలికి పోయాడు.

"సార్, ఆ భూమి దున్నింది నేనే."

మేనేజరు అర్థం కానట్టు చూశాడు.

"నా జ్వరం దొంగ జ్వరం సార్. నా చెలక దున్నుకుంట, పక్కనే ఉందని, కాలిరిగినోడని వానిదిగూడ దున్నిన. వానికి గూడ ఎర్కలేదు. తర్వాత నా లీవు సంగతి బయటవడ్తదని భయమై వాని మీద వెట్టి రాసిన."

ఎవరూ నమ్మలేదు. యాదగిరి కుడిచేయి చాపి బల్ల మీద పెట్టాడు. మచ్చ చూసి డాక్టరు నమ్మాడు, లేదా నమ్మినట్టు కనిపించాడు. మేనేజరు ఆ చేతిని చూసి, "క్యా యాదగిరి, తుమ్ భీ?" అన్నాడు.

ఆ సాయంత్రానికే టైమాఫీసు తాళాలు చేతులు మారాయి. కొత్త టైంకీపరుగా నారాయణఖేడ్ వైపు కుర్రవాడు చిన్నరాములు వచ్చాడు. యాదగిరిని లారీలు తూచే కాంటా దగ్గర వేశారు. నీడ లేదు, కుర్చీ లేదు, హెచ్చరిక కాగితం ఒకటి ఉంది. దసరాకు ఐలన్న పర్మనెంటయ్యాడు. డ్రమ్ముల బండికి కూడా కొత్త చక్రం వచ్చింది, డాక్టరు గొడవపెట్టి వేయించాడు.

ఇక్కడితో అందరూ కళ్లు తుడుచుకొని ఒక్కటయ్యారని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, మనుషులు అంత తొందరగా అతకరు. పటేలు ఊరికే కూలోడి భూమి దున్నుతాడా అని రెండూళ్లూ గుసగుసలాడాయి. ఎకరం మీద కన్నేశాడన్నారు. అందరికంటే ఎక్కువ అనుమానం ముత్యమ్మకే. దసరా పోయిన మర్నాడు గట్టు మీద ఎదురుపడి నిలదీసింది.

"నిజం జెప్పు పటేలా, నీకేం గావాలె?"

"ఏమొద్దు."

"ఏమొద్దనేటోడు గింత జెయ్యడు. భూమి కాయిదం నా దగ్గరనే ఉంది. పానం వోయినా ఇయ్య."

యాదగిరికి పౌరుషం పొడుచుకొచ్చింది, తర్వాత దుఃఖం వచ్చింది. నిజం చెప్పినా నమ్మకపోతే మనిషికి ఎలా ఉంటుందో అప్పటిదాకా అతనికి అనుభవం లేదు. "ఉంచుకో తల్లీ" అని గట్టు దిగిపోయాడు.

మరుసటేడు మిరుగుకు యాదగిరికి నిజంగా జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలి, పళ్లు కొట్టుకొని, ఆరు రోజులు మంచం దిగలేదు. వాన బయట పడుతూనే ఉంది. చీటీ పంపితే కంపెనీలో నవ్వారట. ఏడో రోజు చిన్నరాములు సైకిలేసుకొని ఇంటికే వచ్చాడు.

"జ్వరం తగ్గిందా యాదగిరన్నా? నీ చెలక సూసే వస్తున్న. పొలిమేర దిక్కు మడి దున్ని ఉంది."

"నా చెలకనా?"

"నీదే. ఏమెరుగనట్టు మాట్లాడుతవేందే!"

యాదగిరి గొంగడి కప్పుకొని, భార్య భుజం పట్టుకొని, చిన్నరాములు వెంట పొలం దాకా పోయాడు.  పక్క ఎకరంలో ముత్యమ్మ ఒంగి కొయ్యకాళ్లు ఏరుతోంది. చేతులు కొంగులో లేవు. అతన్ని చూసింది, మళ్లీ ఒంగింది. ఐలన్న డ్యూటీలో ఉన్నాడు, ఆ మిరుగుకు ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు.

"ఎవలు దున్నిండ్రన్నా?" చిన్నరాములు కాగితం, పెన్ను తీశాడు. "పేరు జెప్పు, రాసుకుంట."

యాదగిరి మడిలోకి చూశాడు. సాళ్లు వంకరగానే ఉన్నాయి. పోయినేటికంటే మాత్రం చాలా నయం.

"నేనే" అన్నాడు. "రాసుకో."